టైగర్ కాపలాలో ఆరాధన

డెబ్బైల చివర్లో మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. నాయన నంద్యాల నుంచి తెచ్చిన టైగర్ అల్సేషన్‌కీ నాటుకుక్కకీ పుట్టిన క్రాస్. జొన్నసంగటి, మజ్జిగ తిని దూడంత పెరిగింది. ఇంట్లోకి ఎవరినైనా రానిచ్చేది. మేము చెప్పందే బయటికి మాత్రం పోనిచ్చేది కాదు.

మా పాస్టరుగారు ప్రతి ఆదివారం మా ఇంట్లో కాఫీ తాగాకే చర్చికి వెళ్లేవారు. ఒక ఆదివారం, కోతల పండుగనాడు, చర్చిని జొన్నకంకులతో అలంకరించాలని మేమంతా ముందే వెళ్లిపోయాం. ఆయనకు చెప్పడం మరిచాం. వేళ దాటినా ఆయన రాలేదు. వెతకబోయిన ఇద్దరు పెద్దలూ తిరిగి రాలేదు. చివరికి సంఘమంతా మా ఇంటికి కదిలింది.

ముగ్గురూ అరుగు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉన్నారు. టైగర్ తోక ఊపుతూ మా అందరినీ లోపలికి రానిచ్చి, మళ్లీ గేటుకు అడ్డంగా పడుకుంది. నాయన సిగ్గుతో చచ్చిపోతూ దాన్ని పిలవబోయాడు.

"పిలవొద్దప్పా! అందరూ ఈడికే వచ్చినారు కదా, ఈడనే కానిద్దాం," అన్నారు పాస్టరుగారు.

ఆయన గంటసేపు ప్రసంగించారు. ఎప్పుడూ నడుమ బీడీకని జారుకునే మా చిన్నాయన కూడా కదల్లేదు.

వెళ్తూ వెళ్తూ పాస్టరుగారు నాయనతో, "వచ్చే ఆదివారం దీన్ని చర్చికి తోలుకొని రాప్పా," అన్నారు.

ఇప్పటికీ ప్రసంగం మధ్యలో ఎవరైనా లేస్తే, నా కళ్లు టైగర్ కోసం గేటు వైపు పోతాయి.