గట్టి పాదం

మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి నా ఎడమ కాలు పడిపోయింది. పాదం లోపలికి తిరిగిపోయి మడమ నేలకు ఆనేది కాదు. పన్నెండో ఏట నిజామాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. కోస్తా వైపు నుంచి వచ్చిన డాక్టర్ మా బాపుతో, "ఎముకలు అతికించామండీ. ఇక పాదం గట్టిపడుతుంది, తిరగదు," అన్నాడు.

బాపు చెవిన పడింది "గట్టి" అన్న ఒక్క మాటే. బోధన్ దాకా బస్సులో పక్కనున్న వాళ్లందరికీ చెప్పాడు. "మా బిడ్డ కాలు ఇగ గట్టిగుంటది. రాయి లెక్క."

సిమెంటు కట్టు విప్పాక పాదం చక్కగా నేలకు ఆనింది. మొదటిసారి రెండు కాళ్లకూ చెప్పులు తొడుక్కున్నాను. బడికి పోతూ, అందరూ చూడాలని కావాలనే మెల్లగా నడిచేదాన్ని. అబద్ధమెందుకు, ఆ ఏడాది బాగానే గడిచింది.

మరుసటి ఏడు నుంచి బాపుతో పనికి పోయిన చెరకు తోటలో సాళ్లు మాత్రం బడిబాట లాంటివి కావు. మట్టిపెడ్డ మీద అడుగు పడితే మామూలు పాదం దానికి తగ్గట్టు ఒరుగుతుంది. నాది ఒరగదు. ఆ భారమంతా పైనున్న చీలమండ మీద పడేది. నెత్తిన చెరకు మోపుతో తూలితే బాపుకు కోపం వచ్చేది.

"గట్టిగనే ఉన్నది గద బిడ్డా. పనంటె బద్ధకం నీకు."

పదిహేనేళ్లు మోశాను. మొండిదాన్ని, నొప్పి అని నోరు తెరిచి చెప్పింది తక్కువ.

ముప్పై నిండకముందే చీలమండ వాచిపోయి, పొద్దున లేచి నిలబడలేకపోయాను. బాపే దవాఖానకు తీసుకుపోయాడు. ఈసారి డాక్టర్ మా వైపు మనిషి. ఎక్స్‌రే చూసి, "పాదం మంచిగనే అతికింది. బిర్రుగైంది, ఒంగది. అందుకే పై కీలు అరిగిపోయింది. బరువులు మోసిందా?" అని అడిగాడు.

బాపు తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ, "గట్టిగ అంటె బలంగ అనుకున్న బిడ్డా," అన్నాడు. ఏం కాదులే బాపూ అనాల్సింది. అనలేదు. కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది.

మర్నాటి నుంచి బాపు పొద్దున్నే పార పట్టుకుని, వాకిలి నుంచి బావి దాకా పెడ్డలు కొట్టి, కాళ్లతో తొక్కి చదును చేసేవాడు. వాన పడ్డప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టేవాడు. నేను చేతికర్రతో ఆ బాట మీదే నడిచేదాన్ని. అంత నున్నటి మట్టి మీద కూడా చీలమండ నొప్పి పెట్టేది. ఆ మాట మాత్రం బాపుకు చెప్పలేదు.