నారాయణప్ప లాగిన్

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే వెటకారం చేసే రకం నేను. ఆఫీసులో సర్వర్లు చూసుకునేవాణ్ణి. కారణం లేకుండా ఏదీ జరగదని ఆ ఉద్యోగమే నేర్పింది. అందుకే ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

తొంభైల చివర్లో మారతహళ్ళి దగ్గర ఒక చిన్న కంపెనీలో చేసేవాణ్ణి. మాది యూనిక్స్ సర్వరు. ఇంజనీర్లకు పూర్తి అకౌంటు ఇచ్చేవాళ్ళం. మిగతావాళ్ళకు మెయిలు ఒక్కటే. జాబులు వస్తాయి, పోతాయి, కానీ సర్వర్లోకి లాగిన్ కాలేరు. అకౌంటు తెరిచేటప్పుడు, లాగిన్ అయినవాళ్ళ కమాండ్లు అందుకునే షెల్ ఉండాల్సిన చోట 'ఫాల్స్' అని పెడితే చాలు, పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా బయటికి పంపేస్తుంది.

స్టోర్స్ చూసే నారాయణప్పది అలాంటి అకౌంటే. చింతామణి వైపు మనిషి, వయసులో నాకంటే చాలా పెద్ద. స్టోర్స్‌లో పాత టెర్మినల్ ఒకటి, సర్వరుకు కేబుల్‌తో తగిలించే ఒట్టి స్క్రీనూ కీబోర్డూ, మూలన పడి ఉండేది. దాని ముందు కూర్చుని తనూ లాగిన్ కావాలని ఆయనకు మహా సరదా. అప్పట్లో 'రైట్' అనే కమాండ్ ఉండేది. లాగిన్ అయి ఉన్న ఒకరు టైపు చేసింది ఇంకొకరి స్క్రీన్ మీద పడేది. అలా నాతో నాలుగు ముక్కలు మాట్లాడాలట. కంపెనీ రూలు ఒప్పుకోదని చెప్పాను.

"జాబులు వచ్చేదానికి ఇల్లిచ్చినావు, నేను పోయేదానికి వాకిలి పెట్టలేదేమప్పా?" అని నవ్వాడు.

ఆ వానాకాలంలోనే గుండెపోటుతో పోయాడు. సరుకు పంపేవాళ్ళ మెయిళ్ళు ఇంకా ఆయన పేరుకే వస్తుండడంతో అకౌంటు తీసేయలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, ఎవరెవరు లాగిన్ అయ్యారో అలవాటుగా చూశాను. నారాయణప్ప పేరుంది. పక్కనే స్టోర్స్ టెర్మినల్ నంబరు. చూస్తుండగానే నా స్క్రీన్ మీద ఒక లైను పడింది, నారాయణప్ప నుంచి మెసేజ్ అని. దాని కింద ఇంకా ఏమీ లేదు.

ఎవరో దొంగదారిన దూరారనుకున్నాను. మా పనిలో అలాంటప్పుడు ముందు లాగిన్ తెగ్గొడతాం, ఆరా తీయడం తర్వాత. చెయ్యి దానంతటదే టైపు చేసేసింది. లిస్టులోంచి ఆ పేరు పోయింది.

అప్పుడు అకౌంటు తెరిచి చూశాను. షెల్ 'ఫాల్స్'గానే ఉంది. పరుగున వెళ్తే స్టోర్స్‌కు తాళం. కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జిని పిలిచి తీయించాను. టెర్మినల్ కేబుల్ చుట్టచుట్టి దాని మీదే పెట్టి ఉంది.

"నేనే పీకి పెట్టినానన్నా, శానా దినాలాయ," అన్నాడతను.

ఆ సాయంత్రమే ఎవరినీ అడక్కుండా నారాయణప్ప అకౌంటుకు లాగిన్ ఇచ్చాను. కేబుల్ తగిలించాను. కంపెనీ బెళ్ళందూరుకు మారేదాకా రోజూ చూసేవాణ్ణి. ఆ పేరు మళ్ళీ కనపడలేదు.

అదెలా జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. ఎవరి పేరూ చెప్పకుండా, ఈ పనిలో తలపండినవాళ్ళను అడిగాను. వాళ్ళూ చెప్పలేకపోయారు. అది తెలియకపోయినా ఫర్వాలేదు. కానీ ఆయన ఏం చెప్పబోయాడో తెలియలేదే అన్నదే నా బాధ. ఏమిటి నారాయణప్పా అని ఒక్క ముక్క టైపు చేసి ఉండాల్సింది. అంత ఆశపడి వచ్చిన మనిషిని గెంటేశాను.