నా బిడ్డ కొట్టేసిన ఒక్క మాట

సహోదరులారా, అక్కలారా, చెల్లెళ్లారా, మన నస్పూర్ సంఘంలో ఈ మైకు పట్టుకుని నేను నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి ఏం మాట్లాడానో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, గుర్తు లేకపోతే అది మీ మీద దేవుని కృప అనుకోండి, నాకు మాత్రం అందులో ఒక్క మాట కూడా మరుపు రావడం లేదు.

సాక్ష్యం చెప్పేవాళ్లు ముందు తమను తాము నాలుగు మాటలు తిట్టుకుని మొదలుపెడతారు కదా, నేనూ అలాగే రాసుకున్నాను. కానీ నా కాగితంలో ఆ చోట ఒక అడ్డగీత ఉంది. ఆ గీత ఎవరు గీశారో చివర చెబుతాను, అందాకా జర ఓపిక పట్టండి.

గని పని తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. నేను బొగ్గుగనిలో సర్దారును. షిఫ్టు మొదలయ్యాక అందరికంటే ముందు లోపలికి వెళ్లి, పొడుగు కర్రతో నెత్తిమీది బండను తట్టి చూసి, ఇక్కడ పని చేయొచ్చు, ఇక్కడ చేయొద్దు అని చెప్పడం నా పని. ఇరవై ఆరేళ్లుగా అదే చేస్తున్నాను. గనిలో నా మాటకు ఎదురు లేదు కనుక ఇంట్లోనూ ఉండకూడదనుకున్నాను, నా రోగమంతా అక్కడే ఉంది.

నాకు ఒక్కతే బిడ్డ, ప్రసన్న. అప్పుడు మంచిర్యాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. చిన్న మాటకే ఏడ్చేది, ఏడుస్తూనే కోపం తెచ్చుకునేది, పళ్లెం విసిరేది, గంటకల్లా అమ్మ మెడ పట్టుకుని నవ్వేది. నేను ఒక్కరోజైనా ఏమైందని అడగలేదు. సోమరి, మొండి, నెత్తికెక్కింది అని పేర్లు పెట్టాను, పేరు పెట్టేస్తే పని అయిపోయిందనుకున్నాను. ఒకరోజు నా భార్య ఎస్తేరు ప్రసన్న చేతుల మీద గాయాలు చూసింది, అవి ఆమె తనకు తాను చేసుకున్నవని తెలిసింది. అప్పుడు కూడా నేను అడగలేదు, ఇది సైతాను పని అని తేల్చేశాను.

ఆ ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే సమయంలో లేచి, ఇదిగో ఇక్కడే నిలబడి, అందరూ వినేలా ప్రార్థించాను. "ప్రభువా, మా పరువు తీస్తున్న ఈ మొండి పిల్లను, తిరుగుబాటు ఆత్మ పట్టిన ఈ పిల్లను నీ చేతిలోకి తీసుకో తండ్రీ, విరగ్గొట్టి బాగుచెయ్యి తండ్రీ" అని కన్నీళ్లతో అడిగాను, మీరంతా ఆమేన్ అన్నారు. ఆడవాళ్ల వైపు మూడో చాప మీద కూర్చున్న నా బిడ్డ మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. చూశారా దీనికి ఎంత పొగరో అనుకుంటూ నేను ప్రార్థన కొనసాగించాను.

ఆ వారంలోనే ఆమెను దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. ఏం జరిగిందో ఇక్కడ చెప్పను, అది ఆమె చెప్పుకోవాల్సిన సంగతి. బతికింది, దేవునికి వేయి స్తోత్రాలు. కానీ ఇంటికి వచ్చాక నాతో మాట్లాడటం మానేసింది, నేను హాల్లోకి వస్తే ఆమె వంటింట్లోకి పోయేది. మందులు ఇచ్చిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇల్లు ఇలాగే ఉంటే మళ్లీ ఇదే జరగొచ్చని మొహం మీదే చెప్పాడు. సహోదరులారా, బండ కూలుతుంటే భయపడని మనిషిని నేను, ఆ మాటకు భయపడి, మరి ఏం చేయాలో చెప్పమని ఆయన్నే అడిగాను.

ఆ డాక్టరే కరీంనగర్‌లో ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపాడు. శ్రీలత అని, సిరిసిల్ల మగ్గాల ఇంటి పిల్ల, నా బిడ్డకంటే పదేళ్లు పెద్దదేమో. అక్కడ చేసేదాన్ని డీబీటీ అంటారట, పూర్తి పేరు పొడుగ్గా ఉంటుంది, నాకు నోరు తిరగదు. మనసులో ఉప్పెన వచ్చినప్పుడు అందులో కొట్టుకుపోకుండా నిలబడటం నేర్పే వైద్యం అని అర్థమైంది. ప్రసన్న వారానికొకసారి వెళ్లేది. ఇంటివాళ్లకు కూడా వేరే క్లాసు ఉంది, తండ్రి రావాల్సిందే అన్నారు. రోగం ఆమెకైతే మందు నాకెందుకని నేను గొణిగాను.

మొదటి క్లాసులో కళ్లు మూసుకుని ఊపిరి గమనించమన్నారు, మైండ్‌ఫుల్‌నెస్ అన్నారు. నేను టక్కున లేచి బయటికి వచ్చేశాను! ఇది మన విశ్వాసం కాదు, ఎవరి ధ్యానమో తెచ్చి మన నెత్తిన రుద్దుతున్నారని రెండు వారాలు ఎగ్గొట్టాను. చివరికి మన సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లి పాపమా కాదా చెప్పమని అడిగాను. ఆయన, "తమ్మీ, ఊపిరి పోసినోడెవరు? ఆయన ఇచ్చిన ఊపిరిని జరసేపు సూస్తే ఆయనకు కోపమొస్తదా? నువ్వు గీ పాపం పుణ్యం అడుగుడు బంజేసి, పోయి నీ బిడ్డను సూసుకో" అన్నాడు.

మళ్లీ వెళ్లాను. ఆ రోజు శ్రీలత, ఈ వారం ఇంట్లో జరిగినదొకటి చెప్పండి, తీర్పు మాత్రం కలపొద్దు అంది. ఇదేం పెద్ద పని అనుకుని, "మా పొల్ల సోమరితనంతోని పదింటిదాక పన్నది" అన్నాను.

"అంకుల్, పదింటిదాక పన్నది మీరు సూసిన్రు. సోమరితనం ఏడ కనపడ్డది?" అంది ఆ పిల్ల.

"పండుకుంటే సోమరితనం గాకపోతే ఇంకేంది?"

"గా మందులకు నిద్రొస్తదని డాక్టర్ చెప్పిండా లేదా?"

చెప్పాడు. నేను విన్నాను కూడా. కానీ నా బిడ్డ నిద్రకూ ఆ మాటకూ నా తలలో ఎక్కడా పొత్తు కుదరలేదు, ఎందుకంటే నా తీర్పు ముందే వచ్చి కుర్చీలో కూర్చుంది. కోపం వచ్చింది కానీ, కోపంతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది, అది కుతూహలం. ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్నాననుకున్నదాంట్లో నిజంగా చూసింది ఎంత, కలుపుకున్నది ఎంత?

దానికి శ్రీలత ఒక చిత్రమైన పని చెప్పింది. ఇరవై చింతగింజలు కుడి జేబులో వేసుకుని, మనసులో ఎవరి మీదైనా తీర్పు పుట్టినప్పుడల్లా ఒక గింజను ఎడమ జేబులోకి మార్చాలి. తిట్టుకోవద్దు, ఆపడానికి గింజుకోవద్దు, ఊరికే గమనించాలి. సరేనని బస్సెక్కాను. కండక్టరుకు మర్యాద లేదు, ఒక గింజ. ముందు సీటాయన ఫోన్లో అరుస్తున్నాడు, సిగ్గు లేదు, ఒక గింజ. ఎవరి పిల్లలో చిప్స్ పొట్లం కిటికీలోంచి విసిరారు, పెంపకం లేదు, ఒకటి తల్లికి ఒకటి తండ్రికి. ఈ శ్రీలతకు పెళ్లయిందో లేదో గానీ నాకు పిల్లల పెంపకం చెబుతోంది, ఒక గింజ. ఛీ, భక్తిపరుణ్ణి అయ్యుండి ఇన్ని గింజలా, నేనసలు మనిషినేనా అనుకున్నాను, అదీ తీర్పే కదా, ఇంకో గింజ! బస్సు పెద్దపల్లి దాటకముందే కుడి జేబు ఖాళీ అయింది. నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వాను, పక్కనున్న ముసలామె నన్ను చూసి జరిగి కూర్చుంది.

ఇక నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒకటి మిగిలింది. తీర్పు వద్దంటే పాపాన్ని పాపం అనొద్దా? తప్పును తప్పు అనకపోతే బిడ్డలు ఏమైపోతారు? దీనికి జవాబు నాకు గుడిలో దొరకలేదు, క్లాసులోనూ దొరకలేదు, గనిలో దొరికింది. ఒకరోజు మొదటి షిఫ్టులో కర్రతో బండను తడుతూ పోతున్నాను. గట్టి బండ టంగుమని మోగుతుంది, పొర విడిచిన బండ గుల్లగా పలుకుతుంది. ఒకచోట గుల్లగా పలికింది. నేను కర్ర ఆపి, ఇంకోసారి తట్టి, చెవి పెట్టి విన్నాను. కూలీలను దూరంగా నిలబెట్టి, బండకు ఆసరాగా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టించాను. తర్వాత రిపోర్టులో ఫలానా చోట బండ గుల్ల, సన్న పగులు, నీటి చెమ్మ ఉన్నాయని, దిమ్మెలు పెట్టించామని రాశాను.

రాస్తూ రాస్తూ పెన్ను ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లలో ఒక్కరోజైనా ఈ బండ మొండిది, దీనికి పొగరు అని రాశానా? రాస్తే మేనేజరు నన్ను ఇంటికి పంపేవాడు. బండను తిట్టలేదు, అలాగని బాగుందని అబద్ధమూ చెప్పలేదు. విన్నాను, ఉన్నది ఉన్నట్టు రాశాను, కింద ఆసరా పెట్టాను, అందుకే మనుషులు బతికారు. రాయికి ఇచ్చిన ఆ మర్యాద నా కడుపున పుట్టిన బిడ్డకు ఒక్కనాడూ ఇవ్వలేదు! దేవుడు నాకు కావలసింది ఎప్పుడో నా చేతిలోనే పెట్టాడు, నేను దాన్ని గని గేటు దగ్గరే వదిలేసి ఇంటికి పోతున్నాను. నాకు అక్కడే కన్నీళ్లు వచ్చాయి, బొగ్గు దుమ్ము అని అందరికీ చెప్పాను.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి తల్లీబిడ్డలకు ఏదో మాటామాటా వచ్చి, ప్రసన్న పళ్లెం నేలకు కొట్టింది. అన్నం గోడదాకా పడింది. నా నోటికి పాత మాటలన్నీ వరుసగా వచ్చాయి, ఎస్తేరు నన్ను చూసి, "ఇగో, జర సైసుండు" అని ఓపిక పట్టమంది. నేను గుమ్మం దగ్గరే ఆగి మనసులో, "ప్రభువా, తట్టడం నాకు తెలుసు, వినడం నేర్పు తండ్రీ" అనుకుని, ఒక ఊపిరి తీసుకుని చెప్పాను.

"పళ్లెం కింద పడ్డది. నీ చెయ్యి వణుకుతుంది బిడ్డా. నా గుండె గూడ దడదడ కొట్టుకుంటుంది. నాకు తెల్సింది గింతే."

ప్రసన్న బిత్తరపోయి చూసింది. నాలుగు నెలల తర్వాత నాతో మొదటి మాట మాట్లాడింది. "ఏంది బాపు, షిఫ్ట్ రిపోర్ట్ రాస్తున్నవా?"

ఎస్తేరు ఫక్కున నవ్వింది, తర్వాత ముగ్గురమూ నవ్వాం, నేనే చీపురు తెచ్చి అన్నం ఎత్తాను. నవ్వు ఆగాక నా బిడ్డ అక్కడే నేల మీద కూర్చుని, అన్ని రోజులు మింగిన మాట చెప్పింది.

"బాపు, గా ఆదివారం నువ్వు దేవునితోని మాట్లాడలే. నన్ను అందరికి సూపెట్టినవ్."

సహోదరులారా, అది గుల్ల శబ్దం. ఆ క్షణాన నీ మంచికోసమే అన్న మాట నాలుక మీదిదాకా వచ్చింది, కానీ అనలేదు. "నువ్వు లేసినవ్, చెప్పులేసుకున్నవ్, పోయినవ్. నేను సూసిన బిడ్డా. సూసి గూడ ఆపలే. నాది తప్పయింది" అన్నాను. ఆమె వంటింట్లోకి పోలేదు, అక్కడే కూర్చుంది.

రాళ్లు పట్టుకున్న గుంపు మధ్యలో వ్యభిచారంలో పట్టుబడ్డ ఆ స్త్రీని నిలబెట్టినప్పుడు మన ప్రభువు ముందు ఏం చేశాడో అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. వంగి నేల మీద రాస్తూ ఉన్నాడు, తొందరపడలేదు. పాపాన్ని పాపం కాదనలేదు, కానీ ముందు రాళ్లు కింద పడనిచ్చాడు. ఆ సంగతి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, నేను రాయి పట్టుకున్నవాళ్లలో ఉన్నానని మాత్రం తెలియలేదు.

అంతా బాగైపోయిందని చెప్పను, ఉన్నదే చెప్పాలి కదా. ప్రసన్న మందులు వేసుకుంటోంది, కరీంనగర్ వెళ్తోంది, కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని ఉండవు. నాకు ఇప్పటికీ రోజుకు గింజలు మారుతూనే ఉన్నాయి, ఇందాక పాటలు పాడేటప్పుడు తబలా తమ్ముడి మీద కూడా ఒకటి మార్చాను, క్షమించు తమ్మీ. మీ ఇంట్లో కూడా గుల్లగా పలికే బిడ్డ ఉండొచ్చు, భర్త ఉండొచ్చు, మీరే ఉండొచ్చు. ప్రార్థన మానకండి, దవాఖానకు పోవడానికి సిగ్గుపడకండి, రెండూ ఆ దేవుడిచ్చినవే. పేరు పెట్టేముందు ఒక్కసారి చెవి పెట్టి వినండి, మిగతాది ఆయన చూసుకుంటాడని నమ్మండి.

ఇక ఆ గీత సంగతి. నా బిడ్డ అనుమతి లేకుండా ఆమె మాట ఈ మైకులో మళ్లీ ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను కనుక, నిన్న ఈ కాగితం ప్రసన్నకు ఇచ్చాను. మొదటి వాక్యంలో "నేను నీచుడైన తండ్రిని" అని రాసుకున్నాను. ఆమె చదివి, పెన్ను అడిగి, "నీచుడైన" అన్న ఒక్క మాటను కొట్టేసింది.

"ఇది సూసిందా బాపు, తీర్పా?" అంది.

మరి ఏం రాయమంటావని అడిగితే, "సూసింది రాయి" అంది. అందుకని చూసింది రాసుకొచ్చాను, అదే చదివి కూర్చుంటాను. నిన్న సాయంత్రం నా బిడ్డ నా పక్కన కూర్చుంది. ఆమె చేతుల మీది గాయాలు మానినవి, కొత్తది ఒక్కటీ లేదు. ఇవాళ పొద్దున నేను బయలుదేరుతుంటే గుమ్మంలో ఆమె చెప్పులు వేసుకుంటోంది. ఇప్పుడు ఆ మూడో చాప మీద, వాళ్లమ్మ పక్కన ఉంది. దేవునికే మహిమ.