నాలుగు గంటల రికార్డు

ఎడిటరమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. పదకొండేళ్లుగా పాఠాల రికార్డింగుల్లో దగ్గులూ తడబాట్లూ కోసి పారేయడమే ఆమె బతుకుతెరువు. ఆ రోజు చేతికొచ్చింది మాత్రం సొంత అక్క ఏడుపు.

మొగుడు కొడుతున్న పూట అక్క ఫోన్ అల్మారాలో దాచి నాలుగు గంటలు రికార్డు చేసింది. మొగుడికి దొరుకుతుందని ఫోన్‌లోది చెరిపేసింది కాబట్టి అది ఇప్పుడు చెల్లెలి కొత్త కంప్యూటర్‌లో మాత్రమే ఉంది. "అసలుది ముట్టుకోకండి. చంపుతానన్న ముక్క విడిగా పంపండి, రేపే విచారణ" అంది లాయరమ్మ. పంపక తప్పదా అని, చెల్లెలింటికి వచ్చేసిన అక్క నసుగుతూనే ఉంది.

కొత్త కంప్యూటర్‌కు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. రాతను చదివి వినిపించే కంప్యూటర్ గొంతుతో అది కలిసి పనిచేయాలి. అందరూ మెచ్చుకునేదాన్ని తెరిస్తే ఆ గొంతు "బటన్, బటన్, బటన్" అంటుంది తప్ప ఏ బటనో చెప్పి చావదు. రెండోది మౌస్ లేనిదే కదలదు. ఎడిటరమ్మకు ఒళ్లు మండిపోయింది. "కళ్లున్న మహారాజుల కోసమే చేసుకున్నారు!" అని రెండింటినీ పీకి పారేసింది. మూడోది మీట నొక్కగానే నిమిషం, సెకను, ఎంత ముక్క పట్టుకుందో అన్నీ చెప్పింది.

చూపున్నవాళ్లైతే తెర మీది శబ్దపు గీతల ఎత్తు చూసి దెబ్బ ఎక్కడుందో పట్టేస్తారు. ఈమె వినాల్సిందే. చెంప మీద ఒకటి. గోడకు తల. మళ్లీ గోడకే. కడుపులో తన్ను, అక్క ఊపిరి ఆగిన చప్పుడు. "చంపి పూడ్చేస్తా" అన్న మాట సరిగ్గా ఎక్కడ మొదలైందో పట్టడానికి పదిహేనుసార్లు విన్నది.

ముక్కను సేవ్ చేసిందో లేదో, తలుపు గడియ ఊడింది. ఎవరు చెప్పారో ఏమో, బావ వచ్చాడు. జుట్టు పట్టి లాగి ఎడిటరమ్మను నేలకేసి కొట్టాడు.

"గుడ్డిదానివి, మా గొడవలో నీకేం పనే!"

కుర్చీ ఎత్తి తెరను నుగ్గునుగ్గు చేశాడు. అడ్డొచ్చిన అక్కను తోసేసి, "పోయింది నీ సాక్ష్యం. సాయంత్రానికి ఇంట్లో ఉండాలి" అని గాజుపెంకులు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

ఎడిటరమ్మ నోట్లోని రక్తం ఉమ్మింది. "ఆ తెర నేనెప్పుడైనా వెలిగించానా అక్కా? అమ్మినవాడు అంటగట్టాడు. అసలు కంప్యూటర్ పెట్టె బల్ల కిందుంది. ముక్కా ఉంది."

అక్క చెల్లెలి పెదవి తుడిచి, ఆమె చేతిని కీబోర్డు మీద పెట్టింది.

"నన్ను కొడితే పోనీలే అనుకున్నానే. నిన్ను కొట్టాడు. పంపెయ్."