ఎండాకాలపు కాగ్నా

మల్లేశ్వర్‌కు నీళ్ల పిచ్చి. వికారాబాద్ పక్క ప్రాజెక్టులో టూరిస్టులను చిన్న పడవలెక్కించి తెడ్డు వేయడం నేర్పుతాడు. ఎంతసేపు తిరిగినా మళ్లీ అదే ఒడ్డుకు రావడం విసుగొచ్చిందట. వానలు తగ్గగానే కాగ్నా ఏట్లో పడవ దించి తాండూరు దాకా పోతానని కూర్చున్నాడు. రెండో పడవలో నేను. ఎందుకు ఒప్పుకున్నానో అల్లాకే తెలియాలి. నాకు వచ్చిన విద్యల్లా జిరాక్స్ తీయడమే.

అడ్డల్లా అతని భార్య అశ్విని. ఆమెది యాలాల్ దగ్గర ఏటి ఒడ్డు ఊరు. వాళ్లన్న చంద్రకాంత్ పోయినేడు వానాకాలంలో ఏరు దాటుతూ ఇసుక తోడిన గుంతలో పడి చనిపోయాడు. అప్పటినుంచి ఆమె తల్లిగారింటికి పోయేటప్పుడు బస్సు వంతెన మీదికి రాగానే కళ్లు మూసుకుంటుంది. ఆమె సరేనంటేనే పోతానని మల్లేశ్వర్ మాటిచ్చాడు. మొండివాడే గానీ మాట తప్పడు.

మ్యాపులు నా దుకాణంలోనే తీయించాడు. సర్వే మ్యాపు చూడముచ్చటగా ఉంది, నీలిరంగులో ఏరు, ఎత్తుపల్లాల గీతలు. కానీ బాగా పాతది, చెక్‌డ్యాములు లేవు. ఫోన్‌లో ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోల్లో వానాకాలంది చూపించాను. వద్దని, పోయినేటి ఎండాకాలంది తీయమన్నాడు. ఎండాకాలంలో తీసింది అంతకన్నా కొత్తది లేదు.

"గిండ్ల నీళ్లే లేవు గద భాయ్. గిది పట్టుకొని పడవ నడుపుతవా?" అన్నాను.

"నీళ్లుంటే ఏం కనవడ్తది యాసీన్? బండలు, గుంతలు గిండ్లనే తెలుస్తయి."

తిక్క మనిషికి తిక్క మ్యాపు అనుకుని ప్రింటు తీసిచ్చాను.

సాయంత్రం వాళ్లింట్లో దాన్ని నేల మీద పరిచాం. అశ్విని మొదట నిలబడే చూసింది, తర్వాత కూర్చుంది. వాళ్ల చేను గుర్తుపట్టి, అక్కడినుంచి ఏరు దాటే బాట వెంట వేలు జరిపింది. తెల్లటి ఇసుకలో ఒకటే గుంత, నల్లగా. దానికీ అవతలి గట్టుకూ మధ్య ఆమె గోరు కూడా పట్టలేదు.

"గింత ఒడ్డుకేనా?" అంది. "నడి ఏట్ల అనుకున్న గదా ఇన్నొద్దులు."

ఆమె ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పోయి రా. గానీ గీడ నీళ్లల్ల పోవద్దు. దిగి, పడవ మోసుకొని గట్టు మీద నడువు."

గుంతతో భయం నడిచేవాడికి, పడవకు కాదు. ఆ సంగతి మల్లేశ్వర్‌కు తెలియంది కాదు. మారుమాట లేకుండా పెన్ను తీసి అక్కడ గట్టు వెంట గీత గీశాడు.

వానలు తగ్గాక మేం పడవల్లో అక్కడికి చేరేసరికి ఏరు నిండుగా, నిమ్మళంగా పోతోంది. దారి పొడుగునా అంత మంచి నీళ్లు దొరకలేదు. మల్లేశ్వర్ ఒడ్డుకు పెట్టి పడవను భుజానికెత్తుకున్నాడు. మోకాలిదాకా బురద, ఆపైన తుమ్మముళ్లు. తిట్టుకుంటూనే నాదీ ఎత్తుకున్నాను. కందిచేలో ఉన్న రైతు మమ్మల్ని వింతగా చూశాడు.

"గిన్ని నీళ్లు వెట్టుకొని మోస్తున్నరేందయ్యా?"

"మ్యాపుల గట్లనే ఉన్నది" అన్నాడు మల్లేశ్వర్, ఆగకుండా.