ఇచ్చేసిన నాడె

మగ్గం నేసేవాడు తన నాడెను ఇంకొకరికి ఇవ్వడు. పోగుల మధ్య నూలును అటూ ఇటూ మోసుకుపోయే ఆ చెక్క ముక్క ఒక్క చేతికే అలవాటు పడుతుంది. నారాయణపేటలో ఇది పసిపిల్లలకూ తెలుసు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు, పక్క మగ్గం మీద నేసే దోస్తు ఒక పొద్దున తన నాడె తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీకు దీని మీద మనసుండె గదరా, ఉంచుకో" అన్నాడు. సంబరంగా తీసుకున్నాను. ఎందుకిస్తున్నావని అడగలేదు. మూడో నాటికి వాడు లేడు. తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ నాడెతో నేను ఒక్క పోగూ నేయలేదు.

నేను బడికి పోలేదు. నూలుకు చుట్టి వచ్చే పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన తొలి మనిషి నా మనవరాలు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు సీటు వచ్చింది. చూపు ఆనకపోయినా ఆ సంతోషంలో ఆమెకొక చీర నేశాను. నా చేతి ఆఖరి చీర అదే.

రెండో ఏడు దసరా సెలవులకు వచ్చింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. పెద్ద చదువు కదా, అట్లనే ఉంటుందనుకున్నాం. ఒక మధ్యాహ్నం ఆ చీరను, కమ్మలను, తను రాసుకున్న నోట్సులను పండుగకు వచ్చిన తన మేనత్త కూతురి ముందు పెట్టింది.

"నువ్వే ఉంచుకోవే. నాకెందుకింక."

"నా బిడ్డది ఎంత పెద్ద మనసు!" అని కోడలు మురిసిపోయింది. నాకు దోస్తు నాడె గుర్తొచ్చింది.

అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "బిడ్డా, సచ్చిపోవాల్నని ఉన్నదా?"

లోపలి నుంచి నా కొడుకు ఉరికొచ్చాడు. "నాయినా, మతి పోయిందా? లేని ఆలోచన నువ్వే పెడుతున్నవ్!"

"నిన్నడగలే. జర నోర్మూసుకో."

ఆమె గోడవైపు తిరిగి చెప్పింది. "ఉన్నది తాతా. నెల సంది. పుస్తకం తెరిస్తె అక్షరం కనబడ్తలేదు. మీరేమో నా మీదనే ఆశ పెట్టుకున్నరు."

దవాఖానకు పోదామంటే కొడుకు అడ్డం పడ్డాడు. "పిచ్చి డాక్టర్ దగ్గరికి తోల్కపోతె నలుగురు ఏమంటరు? రేపు సంబంధమొస్తదా?"

"బిడ్డనే లేకపోతె సంబంధం ఎవలికిరా?"

ఆనాటి కోపం నాకింకా చల్లారలేదు. యూనివర్సిటీ వాళ్లు హాజరు ఎంత తగ్గిందో చెప్పారే గానీ, పిల్ల ఎందుకు రావడం లేదో ఒక్కరూ అడగలేదు. మేమన్నా అడిగామా? జ్వరమొస్తే దవాఖానకు ఉరుకుతాం, మనసుకొస్తే తలుపులేసుకుంటాం. పోయినాక మాత్రం కూడలిలో ఫ్లెక్సీ కడతాం.

మహబూబ్‌నగర్ దవాఖానకు బస్సులో నేనూ మనవరాలూ ఇద్దరమే పోయాం. రెండోసారికి కొడుకూ వచ్చాడు, తల దించుకుని.

నయమైందని చెప్పను. మందులు నడుస్తున్నాయి. కొన్ని రోజులు ఇప్పటికీ మంచం దిగదు. ఆ రోజుల్లో ఆమెను ఒంటరిగా వదలం.

మేనత్త కూతురు చీర తిరిగి తెస్తే మనవరాలు చేతిలోకి తీసుకోలేదు. నా పెట్టెలో, దోస్తు నాడె పక్కన దాచాను. ఎప్పుడడిగితే అప్పుడిస్తాను. ఇంకా అడగలేదు.