చెవి మేస్త్రీ

“...కారుతోంది మొర్రో అంటుంటే కారడం లేదంటారేంటి? నిన్నటి నుంచీ ఇదే పాట నాది.”

“నిన్ననే వాషర్ మార్చాను. కొత్త వాషర్ ఎందుకు కారుతుంది?”

“దాన్నే అడగండి.”

మేస్త్రీ వంటింటి గుమ్మం దగ్గర, సింకుకు వీపు పెట్టి చెప్పులు తొడుక్కుంటున్నాడు. భార్య తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. సింకులో బోర్లించిన స్టీలు పళ్ళెం మీద చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి పడింది. అది చిన్న ఇల్లు. ఆ చప్పుడు వీధి తలుపు దాకా వినపడుతుంది.

“ఇప్పుడు వినండి,” అందామె.

అతను తల కాస్త పక్కకు వంచి, పనిలో ఉన్నప్పుడు పెట్టే ముఖం పెట్టి విన్నాడు. ఏమీ లేదన్నాడు.

ఆమె వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. సింకు దాకా నడిపించి, అతని వేలు కుళాయి కింద పెట్టింది. చుక్క గోరు మీద పడింది. ఇంకొక చుక్క పడేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

ముప్పై ఏళ్ళుగా ఆ పేటలో అతన్ని చెవి మేస్త్రీ అంటారు. ప్లంబర్లకు అక్కడ కొదవ లేదు. కారే కుళాయికి వాషర్ వేయడం, పిడి దగ్గర నీళ్ళు ఊరుతుంటే నట్టు బిగించడం, ధార సన్నబడితే కుళాయి మూతికున్న జల్లెడ విప్పి ఇసుక దులపడం ఎవరైనా చేస్తారు. గోడలో దాగిన పైపు ఎక్కడ చిట్లిందో తేల్చడం అలాంటిది కాదు. మిగతావాళ్ళు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయించి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత గీసి రెండు గంటలు కూర్చుంటారు. నీళ్ళు గీత దిగితే ఎక్కడో పోతున్నట్టు లెక్క. ఎక్కడో తెలియాలంటే నాలుగు చోట్ల గోడ కొట్టాలి. మేస్త్రీ మాత్రం మూరెడు స్క్రూడ్రైవర్ మొనను గోడకు ఆనించి, దాని చెక్కపిడిని చెవి వెనక ఎముకకు ఆనించేవాడు. అతను చూపించిన చోట ఒక్క టైలు తీస్తే పైపు చీలిక కనిపించేది. గీతలు గీసేవాళ్ళను చూసి, చెవులున్నది కమ్మలకే అనుకుంటున్నారు పాపం, అని నవ్వేవాడు.

చెవి ఒక్క రోజులో పోలేదు. టైళ్ళు కొట్టే మిషన్ పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డాడు. మనుషుల మాటలు, బస్సుల హారన్లు ఇప్పటికీ బాగానే వినపడతాయి. సన్నవే పోయాయి. మొదట దోమ పోయింది. తరవాత గోడగడియారం పోయింది. కిందటి ఏడాది పైపు చీలిక పెట్టే బుస కూడా పోయింది. గీత గీసుకుంటే పని నడిచేది. కానీ చెవి మేస్త్రీ ట్యాంకెక్కి గీత గీస్తే, ఎందుకని నలుగురూ అడుగుతారు. అందుకని స్క్రూడ్రైవర్ పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెమ్మ మరకను బట్టి అంచనాగా చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసార్లు అంచనా నిజమే అయింది.

రెండు నెలల కిందట ఒక మూడంతస్తుల భవనంలో, కింది వాటాలో ఉండే టైలరమ్మ గోడ చెమ్మగిల్లింది. పై వాటా స్నానాలగదిలో పైపు మలుపు దగ్గర ముక్క పగిలి ఉంటే మేస్త్రీ మార్చాడు. తరవాత కుళాయిలన్నీ కట్టేయించి గోడకు స్క్రూడ్రైవర్ ఆనించాడు. వాటాల వాళ్ళు మాట్లాడుకోవడం మానేసి చూశారు. చప్పుడు లేదని, ఇక పూత వేయించుకోవచ్చని చెప్పాడు.

మూడు వారాలకు టైలరమ్మ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టబోతే షాక్ కొట్టింది. కుడిచెయ్యి కాలింది. ఆ గోడ మీది స్విచ్‌బోర్డు నాలుగు రోజుల ముందే మార్చింది మేస్త్రీ బావమరిది. భార్యకు తమ్ముడు, ఆ భవనానికి చాలాకాలంగా కరెంటు పని చేసేవాడు. భవనం వాళ్ళు ఇద్దరినీ పిలిపించి మెట్ల దగ్గర నిలబెట్టారు. బోర్డులో తడి ఎక్కడిదని అడిగారు.

“అది పాత చెమ్మ, ఆరలేదు. పైపు బాగుంది. నేను విన్నాను,” అన్నాడు మేస్త్రీ.

చెమ్మ గోడకు బోర్డు ఎలా పెట్టావని అందరూ బావమరిది మీద పడ్డారు. గోడ పొడిగానే ఉందని అతను ఒకసారి అన్నాడు. తరవాత బావ ముఖం చూశాడు. బావ విన్నాడంటే ఇక తిరుగులేదు, నేనే చూసుకోలేదు, అని తల వంచుకున్నాడు. ఆ రోజుతో ఆ భవనంలో అతని పని పోయింది. పేటలో మాటకు కాళ్ళుంటాయి. వారం తిరిగేసరికి మిగతా భవనాల్లోనూ పోయింది.

పోయిన వారం టైలరమ్మ మేస్త్రీకి కబురు పెట్టింది, వంటింటి కుళాయి తిరగడం లేదని. ఆమె చేతికి కట్టు విప్పేశారు. చూపుడువేలు, మధ్యవేలు వంగడం లేదు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. కుళాయిలో పెద్ద లోపం లేదు. ఆమె ఎడమచేత్తో తిప్పుతోంది, అంతే. లోపల గ్రీజు రాసి సులువు చేశాడు. వస్తూ వస్తూ, బోర్డు ఊడదీసి తీగలకు టేపు చుట్టిన చోట గోడ మీద అరచెయ్యి వేశాడు. చల్లగా ఉంది. గోరుతో నొక్కితే కొత్త పూత ముద్దలా దిగింది.

“మీ బావమరిదిని ఏమీ అనకు అన్నయ్యా,” అంది టైలరమ్మ వెనక నుంచి. “కావాలని చేస్తాడా ఎవరైనా?”

అతను సంచి సర్దుకుని వచ్చేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు భార్య అతని మణికట్టు ఇంకా వదల్లేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. ఏడాది పైన అని చెప్పాడు.

“టైలరమ్మ గోడ కూడా ఇలాగే విన్నారా?”

అతను కుళాయి కింద నుంచి వేలు తీసేశాడు. ఆమె చూపు కుళాయి వైపు తిరిగింది. దాన్ని బట్టి ఇంకో చుక్క పడిందని అతనికి తెలిసింది.

ఆమె చెయ్యి వదిలేసి, తోమడం ఆపిన గిన్నె మళ్ళీ అందుకుంది. అతను చెప్పులు విప్పి, పైపు వాల్వు కట్టేసి, కుళాయి విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడే బావమరిది వచ్చాడు. చేతిలో పనిముట్ల సంచి ఉంది.

“ఏం బావా, ఊరందరి కుళాయిలూ బాగుచేసి సొంత కొంపను గాలికొదిలేశావా? నిన్న నేనొచ్చినప్పుడు వీధిలోకే వినపడింది.”

అక్క నవ్వలేదు. తమ్ముడు ఆమె ముఖం చూసి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గోడౌనులో కాపలా పని దొరికిందని, సోమవారం నుంచి రమ్మన్నారని చెప్పాడు. ఈ వయసులో మూటలకు సలాం కొట్టాలి, ఏం చేస్తాం, అన్నాడు. సంచిని బావ కాళ్ళ దగ్గర పెట్టాడు.

“ఇది నీ దగ్గరుండనీ. ఇంట్లో కళ్ళెదురుగా ఉంటే మనసు లాగుతోంది.”

మేస్త్రీ చిటికెనవేలు కుళాయి లోపలికి పోనిచ్చి తిప్పాడు. కొత్త వాషర్ బాగానే ఉంది. అది కూర్చునే ఇత్తడి అంచు అరిగి గాడి పడింది. ఎన్ని వాషర్లు వేసినా ఆ గాడిలోంచి నీళ్ళు వస్తూనే ఉంటాయి. వేలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. సంచి ఎత్తి బావమరిది ఒళ్ళో పెట్టాడు.

“గోడౌనుకు వెళ్ళొద్దు. సాయంత్రం నాతో ఆ భవనానికి రా. ఆ తడి నా పైపుది. నాకు చెవి లేదని, ఆ రోజు ఏమీ వినకుండానే విన్నానన్నానని టైలరమ్మ ముందూ, అందరి ముందూ చెప్తాను. రేపటి నుంచి, ఏడాది పైనుంచీ నేను బాగుందన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, వేరేవాళ్ళను పిలిచి గీత గీయించుకోమంటాను.”